పది సెకన్ల ప్రోగ్రాం

ముర్తుజా మళ్లీ మొదటినుంచి నడిపించాడు. మళ్లీ పది సెకన్లే. కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, లేచి కిటికీ దాకా పోయి, బయట ఏదీ చూడకుండానే తిరిగొచ్చి కూర్చున్నాడు.

పటాన్‌చెరులోని ఆ షెడ్డులో పొలం మోటార్లకు స్టార్టర్లు తయారవుతాయి. స్టార్టరులోని చిప్ ఎట్లా నడుస్తుందో, చిప్ లేకుండానే కంప్యూటర్లో చూపించే సిమ్యులేటర్‌ను పదకొండేళ్ల కింద ముర్తుజాయే సి భాషలో రాశాడు. కరెంటు రెప్పపాటులో మూడుసార్లు పోయి రావడం, బోరు ఎండి మోటారు వట్టిగా తిరగడం, అన్నీ అందులో ఉన్నాయి. దానికోసమే ఆయన కాంట్రాక్టు ఏటేటా పొడిగిస్తున్నారు. ఈ ఏటిది ఇవాళ్టితో సరి. దాన్నే ఉంచాలా, పైథాన్ భాషలో తిరగరాయించాలా? సాయంత్రంలోగా ఆయన్నే తేల్చమన్నాడు మేనేజరు శ్రావణ్‌కుమార్.

కొత్త ఇంజనీరు మహిత పైథాన్‌లో నమూనా రాసింది. అదే పనికి దానికి నలభై నిమిషాలు పట్టింది.

"నాది ఆర్డినరీ బస్సు సార్. ఏ స్టేజీ ఇడ్వది," అంది.

ముర్తుజా నవ్వలేదు. "బేటా, నా దాంట్ల బోరు ఎండితే మోటారు ఐదు సెకన్లకు ఆగుతది. ఎనిమిది చెయ్యి. చూద్దాం."

భోజనాల బెల్లు మోగినా మహిత లేవలేదు.

"సార్, మీ కోడ్‌ల గీ సూఖా అని రాసిన్రు, అంటే ఏంది?"

"బోరు ఎండిందని."

"మరి సూఖా రెండు?"

ముర్తుజా తెర మీదికి వంగాడు. చెయ్యి తనదే, రాత తనదే. టిఫిను డబ్బా తెరవకుండానే గంటసేపు వెతికాడు. రెండుసార్లు లేచాడు, రెండుసార్లు కూర్చున్నాడు.

"యాదికొస్తలేదు," అన్నాడు చివరికి.

తెల్లకాగితం మీద రాసి మేనేజరుకు ఇచ్చాడు: పైథాన్. ఆలస్యంగా నడిచినా, చదివితే అర్థమవుతుంది.

"మరి మీరు, భాయ్?"

"నాదేముంది. మహితకు వచ్చు."

"ఆలోచించే రాసిన్రా?"

"పొద్దుగాల్నుంచి గదే పని."

మిగిలిన పూటంతా గుర్తున్నవన్నీ చెబుతూ పోయాడు. మహిత రాసుకుంది. ఐదున్నరకు లేచి, చెప్పులు విడిచి బూట్లు వేసుకుని, సంచి భుజాన తగిలించుకున్నాడు.

"సూఖా రెండు దొరికితే ఫోన్ చెయ్యి బేటా."

సంగారెడ్డి బస్సు వచ్చే వేళయింది. మహిత తలెత్తేసరికి ఆయన గేటు దాటుతున్నాడు. టేబుల్ కింద నీలం రబ్బరు చెప్పులు, వేళ్ల అచ్చులు నల్లగా పడినవి, ఒకటి కుర్చీ వైపు, ఒకటి కిటికీ వైపు తిరిగి ఉన్నాయి.