వెనకగదిలో వేన్నీళ్ళు

ప్రార్థన మందిరం వెనక, చీపుళ్ళూ మడత కుర్చీలూ పెట్టే కొట్టు పక్కన, గచ్చు కాస్త వాలుగా చేసిన గది ఒకటుంది. సంఘంలో ఏ ఇంటి ఆడమనిషి పోయినా ఆఖరి స్నానం అక్కడే. చేయించేది ఒక్కామె. మామూలు రోజుల్లో దర్జీ దుకాణంలో బొత్తాలు కుట్టేది. వెనకాల అందరూ ఆమెను స్నానాల పిన్ని అనేవారు. ఎదురుపడితే ఏమీ అనేవారు కాదు.

ఇరవై రెండేళ్ళ కిందట తన తల్లి పోయినప్పుడు ఎవరూ ముందుకు రాకపోతే తనే పూనుకుంది. తర్వాత ఒకరు పిలిచారు, ఇంకొకరు పిలిచారు. అది ఆమె పనైపోయింది. దాంతోపాటే పెళ్ళిపిలుపులు తగ్గాయి. ఒకసారి పక్కవీధి బాలింతను చూడబోతే, అత్తగారు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేసింది. పిన్ని ఎవరినీ తప్పుపట్టలేదు. ఎవరిళ్ళకూ వెళ్ళడం మానేసింది, అంతే. ఇంట్లో ఒక్కతే వండుకుని ఒక్కతే తినేది.

ఆ చలికాలం సంఘం పెద్దగారి భార్య మంచాన పడింది. ఆమె రమ్మన్నదని కబురొస్తే పిన్నికి అర్థం కాలేదు.

"ఆవిడ ఇంకా బతికే ఉన్నారు కదా?" అని వచ్చిన మనిషిని అడిగింది.

వెళ్ళేసరికి మంచంమీద మనిషి పుల్లలా అయిపోయి ఉంది. కూతురిని బయటికి పంపి, తలుపు వేయించి, అప్పుడు చెప్పింది.

"నా ఎడమ రొమ్ము తీసేశారు. మా ఆయనకి, డాక్టరుకి తప్ప ఎవరికీ తెలీదు. రేపు నువ్వు చూస్తావు. ముందే చెబితే ఉలిక్కిపడవని పిలిచాను."

పిన్ని మంచం పట్టెమీద కూర్చుంది. "నేను చూసినవన్నీ నాతోనే పోతాయి వదినగారూ."

"తెలుసు. ఇన్నేళ్ళలో నీ నోటినుంచి ఏ ఇంటి ముచ్చటా బయటికి రాలేదు."

అప్పటినుంచి పిన్ని రోజూ సాయంత్రం వెళ్ళి ఆమె తల చిక్కు తీసేది. మోకాళ్ళ నొప్పుల గురించి, శ్రుతి తప్పినకొద్దీ గొంతు పెంచి పాడే లెక్కల మాస్టారి గురించి చెప్పుకుని ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు. ఇంత తీరిగ్గా ఒక మనిషితో మాట్లాడి ఎన్నేళ్ళయిందో పిన్నికి గుర్తులేదు.

ఏడు వారాలకు ఆమె పోయింది. వెనకగదిలో పిన్ని తలుపు గడియ పెట్టింది. మచ్చ మీద మెత్తటి గుడ్డ కప్పి, గుడ్డ మీదనుంచే నీళ్ళు పోసింది. తల దువ్వుతూ ఏదో చెప్పబోయి, జవాబు రాదని తెలిసి ఆగిపోయింది. తడిగచ్చు మీదే కూర్చుని ఏడ్చింది. బయటివాళ్ళు తొందరపెడితే లేచి బట్ట చుట్టింది.

సంస్మరణ సభలో పెద్దగారు పాడినవాళ్ళకూ, పూలు తెచ్చినవాళ్ళకూ, కుర్చీలు వేసినవాళ్ళకూ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు. పిన్ని ఊసు రాలేదు. ఆమె అదేమీ పట్టించుకోలేదు. సాయంత్రాలు గడవడమే కష్టమైంది.

నెల తిరిగాక పెద్దగారి కూతురు పిన్నిని వెతుక్కుంటూ వచ్చింది. చివర్లో అమ్మ ముఖం ఎలా ఉందని అడిగింది. నిద్రపోతున్నట్టే ఉందని పిన్ని చెప్పింది. అప్పుడా అమ్మాయి, "ఆ పని నాకూ నేర్పుతారా?" అంది.

"నేర్చుకోవడం కష్టం కాదమ్మా. తర్వాత నలుగురిలోకి వెళ్ళినప్పుడు తెలుస్తుంది. ఆలోచించుకో."

ఆలోచిస్తానని చెప్పి వెళ్ళింది.

మరుసటి వారం, నా అన్నవాళ్ళు లేని ఒక ముసలావిడ పోయింది. పిన్ని ఆ అమ్మాయికి కబురుపెట్టి, నీళ్ళు కాగేదాకా గుమ్మంలో నిలబడింది. వీధి మలుపు దాకా చూసింది. ఎవరూ రాలేదు. లోపలికొచ్చి తలుపు వేసుకుంది. మోచేతితో నీళ్ళ వేడి చూసి, ముసలావిడ మెడకింద చెయ్యి పెట్టి మెల్లగా ఎత్తింది.

"ఇవాళ మనిద్దరమే అవ్వా," అంది.

పాదాల దగ్గర మొదలుపెట్టింది.