బొట్టు పెట్టించుకున్న ఎర్త్ వైరు

నేను ఒక ఎర్త్ వైరును. వేలెడు లావు, మూరెడు పొడవు, పైన నల్ల తొడుగు, లోపలంతా రాగి. నా ఒక కొస బ్యాటరీకి, రెండో కొస బండి చట్రానికి బోల్టుతో బిగించారు. డ్రైవరు తాళం తిప్పితే ఇంజనును తిప్పే కరెంటంతా నా గుండానే బ్యాటరీకి తిరిగి చేరాలి. అయినా హారన్ను మెచ్చుకుంటారు గాని, నన్నెవరు చూస్తారు లెండి!

చూసినవాడు ఒక్కడే, మా యజమాని బుల్లెబ్బాయి. అదీ పూజ కోసం! భీమవరం చుట్టుపక్కల చెరువులకు రొయ్యపిల్లల్ని చేరవేసే వ్యాను మాది. ప్రతి శుక్రవారం చక్రాలకూ, బ్యాటరీకీ, చివరికి నా బోల్టుకూ పసుపు రాసి కుంకుమ పెట్టేవాడు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు కూడా నా నెత్తినే పోసేవాడు. మొదట్లో నేనెంత పొంగిపోయానో!

ఏడాది తిరిగేసరికి నా బోల్టు చుట్టూ పచ్చటి చిలుము పట్టింది. ఒక్కోసారి తాళం తిప్పితే ‘టక్’మని చప్పుడు, అంతే. మెకానిక్ రజాక్ షెడ్డుకు తోసుకెళ్తే, గతుకుల్లో కుదుపులకు నేను మళ్ళీ అతుక్కునేదాన్ని. అక్కడ తాళం ముట్టుకోగానే ఇంజను భళ్ళుమనేది. “నన్ను చూసి భయపడతందండీ మీ బండి!” అని రజాక్ నవ్వేవాడు. కొత్త బ్యాటరీ వేశారు, సెల్ఫ్ మోటారు మార్చారు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టే అయింది. బుల్లెబ్బాయి దిష్టి తగిలిందని ఇంకాస్త పసుపు పూశాడు. ఓరి నాయనో, రోగాన్నే మందని పూస్తున్నాడు!

ఆ శుక్రవారం సోమరాజుగారి చెరువుకు లోడు. ఆక్సిజన్ నింపిన సంచుల్లో లక్షల రొయ్యపిల్లలు. ఎండ ముదిరేలోపు చెరువులో పడకపోతే ఒక్కటీ దక్కదు. “ఈ లోడు చెడితే బండి తుక్కుకి ఇచ్చేత్తానే,” అని బుల్లెబ్బాయి భార్య అనంతలక్ష్మితో అని మరీ బయల్దేరాడు. ఇంజను నడుస్తుండగానే కొబ్బరినీళ్ళు నా మీద పోశాడు.

సోమరాజుగారి చెరువు ఇంకా అరమైలు ఉందనగా గట్టు మీద బాతుల మంద అడ్డం వచ్చింది. డీజిలు ఎందుకు దండగని ఇంజను ఆపాడు. బాతులు వెళ్ళిపోయాయి. తాళం తిప్పాడు. టక్!

తోద్దామంటే బురదలో చక్రాలు కదలవు. సోమరాజుగారు గట్టు మీద పరుగెత్తుకొచ్చి, “ఏంటయ్యా బుల్లెబ్బాయ్, నా పంట చంపేత్తావా?” అని కేకలు. ఫోను చేస్తే రజాక్ మోటారుసైకిలు మీద వచ్చి పడ్డాడు. ఈసారి బండి అతన్ని చూసి కూడా భయపడలేదు.

“లైట్లేసి తాళం తిప్పండి.”

లైట్లు కొడిగట్టిపోయాయి. “కొత్త బ్యాటరీ ఉండి ఇలా ఎందుకవుద్దీ? ఇంకోసారి తిప్పండి!” అంటూ తీగలన్నీ తడిమాడు. ఇక్కడయ్యా, ఇక్కడ! నా బోల్టు మీద వేలు పడింది.

“అబ్బా! చెయ్యి కాలిపోయిందండీ బాబూ! పసుపా ఇది?”

స్క్రూడ్రైవరుతో గీకాడు. పెచ్చులు పెచ్చులుగా ఏడాది భక్తి రాలింది. కింద రాగి తళుక్కుమంది. బోల్టు బిగించాడు. బుల్లెబ్బాయి కళ్ళు మూసుకుని తాళం తిప్పాడు.

భళ్ళు! ఏం ఆనందమండీ అది! ఒళ్ళంతా కరెంటు పరుగులు తీసింది. చెరువు దగ్గరికెళ్ళి సంచులు విప్పితే రొయ్యపిల్లలు నీళ్ళలోకి చిందుతూ పోయాయి. సోమరాజుగారు బుల్లెబ్బాయిని కావలించుకున్నారు.

మర్నాడు రజాక్, చిలుము తిన్న వైరు మళ్ళీ మొరాయిస్తుందని, నా చోట కొత్త వైరు బిగించి, “దీనికి మాత్రం బొట్టు పెట్టకండి, దండం పెడతా,” అన్నాడు. బుల్లెబ్బాయి మాట విన్నాడు. కాని నన్ను పారెయ్యడానికి మనసొప్పలేదు. బండి ముందు కట్టి, నాకు నిమ్మకాయలు వేలాడదీశాడు.

ఇప్పుడు నా గుండా ఏ కరెంటూ పారదు. కాని పొద్దున్నే ఇంజను అందుకోగానే, మా బుల్లెబ్బాయి నాకు దండం పెట్టి అందరికీ చెబుతాడు: “ఆయ్, మా బండిని నడిపేది ఈ వైరేనండీ!”