ఎర్ర పేజీ దాటి వచ్చేయండి

మా తమ్ముడికి రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. దాని వెబ్‌సైట్ చూసుకునేది మా అమ్మాయి. పేషెంట్లు రిపోర్టులు అందులోనే చూసుకుంటారు. ఆ సైట్ నకిలీది కాదని, మధ్యలో ఎవరూ తొంగిచూడలేరని చెప్పే సర్టిఫికెట్ ఒకటుంటుంది. ఊరికే ఇస్తారు గానీ తొందరగా గడువు తీరిపోతుంది. కంప్యూటర్‌లో నల్లటి తెర మీద ఒక లైను టైపు చేస్తే కొత్తది వస్తుంది. నా చదువుకి ఈ మాత్రం అర్థం కావడమే ఎక్కువ. ఊరికే వచ్చేదాంట్లో ఏ మోసముందోనని నేను హడలిపోతూ ఉండేదాన్ని. తీరా మోసం మా ఇంటి మనిషిలోనే ఉంది.

ఆ పూట అమ్మాయిని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి వచ్చేసరికి, తమ్ముడు మా వంటింటి బల్ల దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్లకంటిన జామ్ నాక్కుంటూ, ఆ వేళ్లతోనే మీటలు నొక్కుతున్నాడు.

"సైట్ తెరిస్తే ప్రమాదమంటూ ఎర్ర పేజీయే వస్తోంది. సర్టిఫికెట్ గడువైపోయిందట," అన్నాడు.

"కొత్తది దానంతటదే తెచ్చుకునేలా పెట్టాను కదా మామయ్యా?" అంది అమ్మాయి.

"ఊరికే ఏదో నడుస్తోందని అదెప్పుడో ఆపేశాలే. ఇవాళ నేనే తెచ్చా. వచ్చిందంటుంది, చూస్తే మళ్లీ ఎర్రదే. ఉచితం సరుకు కదా, అన్నీ పాడైనవే ఇస్తున్నారు."

"వచ్చాక, సైట్‌ని నడిపే సర్వర్‌కి కొత్తది చదువుకోమని చెప్పావా?"

"చెప్పడమేంటి? దానికి తెలీదా?"

"మరి వచ్చినవేవి?"

"తీసి పారేశా. మళ్లీ తెచ్చా, మళ్లీ పారేశా. ఇప్పుడేమో చాలా తీసుకున్నారు, కొన్నాళ్లు ఆగండంటోంది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వీడి వాలకం. బంగారంలాంటివి ఒక్కొక్కటే చెత్తలో వేసి, ఇచ్చినవాళ్లని తిడుతున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

"ఏమే, అందరికీ నీ పేరుతో మెసేజ్ పెట్టు," అన్నాడు. "ఎర్ర పేజీ వస్తే భయపడకండి, కింద అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది, అది నొక్కి దాటి వచ్చేయండి అని. నీ మాటైతే నమ్ముతారు."

నేను అడ్డుపడ్డాను. "రేపు ఒకరి రిపోర్టు ఇంకొకడి చేతిలో పడితే ఎవర్ని పట్టుకుంటార్రా?"

"అక్కా, నీకు కలలో కూడా పోలీసులే. ఆ రిపోర్టుల్లో ఏముంటుంది, షుగరూ కొవ్వూ."

"అయితే నీది తెచ్చి మా గుమ్మానికి అంటించు."

వాడు జామ్ సీసాకి మూత బిగించడంలో పడ్డాడు. వాడి రిపోర్టులో ఏముందో మరి.

ప్రమాదమని రాసున్న పేజీని తొక్కుకుంటూ రమ్మని ముసలీముతకకి నేర్పించాలట, అదీ నా కూతురి నోటితో. తోబుట్టువంటే అంత రోత పుట్టడం నాకు అదే మొదలు.

"పెట్టను మామయ్యా," అంది అమ్మాయి. సైట్ మూసేసి, రిపోర్టులు కౌంటర్లోనే ఇవ్వమని ల్యాబ్‌కి ఫోన్ చేసింది. తరవాత తన కంప్యూటర్ తెరిచింది. సైట్‌కున్న అవే పేర్లతో అడిగితే కొన్నాళ్లదాకా ఇవ్వరట. సైట్‌కి ఇంకో చిరునామా కూడా చేర్చి అడిగితే వేరే సర్టిఫికెట్ కింద లెక్కట. అలాగే తెచ్చి, సర్వర్‌కి చదువుకోమని చెప్పింది. సైట్ మళ్లీ తెరిస్తే ఎర్ర పేజీ పోయింది. తమ్ముడు ఆపేసిన ఏర్పాటు మళ్లీ నడిపించింది. ఆఖరున సర్వర్‌లోకి వాడికున్న దారి తీసేసింది.

"నా ల్యాబ్‌కి నాకే తాళమా?" తమ్ముడు నావైపు తిరిగాడు. "అక్కా, తిరిగిమ్మని చెప్పు. లేకపోతే వేరేవాళ్లని పెట్టుకుంటా."

పిల్ల ఉద్యోగం పోతుంది, పుట్టింటి వైపు రాకపోకలు పోతాయి, ఇంకా ఏమేం పోతాయో. "నేను చెప్పనురా," అన్నాను.

వాడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, తలుపు వెయ్యకుండానే వెళ్లిపోయాడు.

"రేపు నీకు పనుంటుందంటావా?" అని అడిగాను.

"తెలీదమ్మా. కాస్త జరుగు, సైట్ వచ్చిందని కౌంటర్‌కి చెప్పాలి," అని ఫోన్ అందుకుంది.