ఫ్రా అర్నావ్ ముక్కు మీద నా కాపురం

నేను ఒక కళ్ళజోడుని. కళ్ళజోడంటే మీరు పెట్టుకునేలాంటిది కాదండోయ్. చెవులకు తగిలించుకునే కాడలు ఇంకా ఎవరికీ తట్టని రోజుల్లో పుట్టాను. ఎద్దు ఎముకతో చేసిన రెండు చట్రాలు, మధ్యలో ఒక మేకు, అంతే నా ఒళ్ళు. ముక్కును గిల్లి పట్టుకుని కూర్చోవాలి. మనిషి తుమ్మితే కింద పడతాను. ఇప్పుడు మ్యూజియంలో గాజు పెట్టెలో ఉన్నాను. బడిపిల్లలు చూసి కత్తెర అనుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు, నా వాలకం అలాంటిది.

నా గాజు వెనిస్ దగ్గర కొలిమిలో పుట్టింది. ఓడెక్కి వాలెన్సియా రేవుకు చేరాను. మొదట ఒక బట్టల వర్తకుడు కొన్నాడు. సరుకు కొనేటప్పుడు నేతలో లోపాలు వెతకడానికి నన్ను పెట్టుకునేవాడు, అమ్మేటప్పుడు సంచిలో దాచేవాడు. పోయేముందు నరకభయం పట్టుకుని, తన ఆత్మ కోసం ప్రార్థించమని నన్ను ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠానికి ఇచ్చేశాడు. పాపాలన్నీ చూసిన సాక్షిని దేవుడింటికే పంపాడు, తెలివైనవాడు.

అక్కడ దొరికాడు నాకు ఫ్రా అర్నావ్. ఫ్రా అంటే వాళ్ళ కతలాన్ భాషలో సోదరుడని. అద్దకం పనివాళ్ళ ఇంట పుట్టి, చిన్నతనంలోనే బూడిదరంగు అంగీ తొడిగి నడుముకు తాడు కట్టుకున్నవాడు. దేశాలు తిరిగి పెద్ద చదువులు చదివాడు. తీరా రాయడానికి కూర్చునేసరికి, పండితులంతా లాటిన్‌లో రాస్తుంటే ఈయన చేపల బజారులో మాట్లాడే కతలాన్‌నే పట్టుకున్నాడు. "దేవుడి మాట ఊళ్ళో సగం మందికి అర్థం కాకపోతే నామోషీ మనకే గదా" అనేవాడు. క్రీస్తు జీవితం రాశాడు, దేవదూతల గురించి రాశాడు, భోజనం బల్ల దగ్గర మూతి ఎలా తుడుచుకోవాలో కూడా రాశాడు. అన్నీ నాలోంచే వెళ్ళాయి. ఒక్క అక్షరం నాలో నిలవలేదు. అంత పండితుడితో సావాసం చేసి నేను నేర్చుకున్నది ముక్కు పట్టుకోవడం ఒక్కటే.

ఈ సన్యాసులకు ఒక నియమం ఉంది. దేన్నీ నాది అనకూడదు. అంగీ, చెప్పులు, కలం, అన్నీ మఠానివే, మనిషి వాడుకుంటాడంతే. నాకేమో లోలోపల ఒక ఆశ. ఈయన ఒక్కసారి, ఎవరూ విననప్పుడైనా, నన్ను "నా జోడు" అంటాడేమోనని. అనలేదు. పైగా ఆ పేదరికం మీదే పెద్ద పుస్తకం మొదలుపెట్టాడు. చివరి అధ్యాయం పేరు, 'నాది అనే మాటను చంపడం ఎలా'. తోలుకాగితాలు దొంతర్లుగా నింపి, తనే చదువుకుని తల ఊపేవాడు. నేనూ ఊగేదాన్ని, వేరే దారి లేక.

అంతలో మఠం పెద్ద ఫ్రా బెరెంగేర్‌కు భోజనంలో పంటి కింద రాయి పడింది. దవడపన్ను సగం విరిగి చేతిలోకొచ్చింది.

"ఏం వండావయ్యా పోన్స్? పప్పా, కంకరా?"

వంట చూసే ఫ్రా పోన్స్ చేతులు నలుపుకున్నాడు. "నా కళ్ళకి రాయీ గింజా ఒకేలా కనిపిస్తున్నాయి పెద్దన్నా. దేవుడు రెండింటినీ గుండ్రంగానే చేశాడు మరి."

అందరూ నవ్వు దిగమింగారు. పెద్ద మాత్రం దవడ పట్టుకుని నా వైపు చూశాడు.

"అర్నావ్ తమ్ముడూ, పొద్దున పూట ఆ కళ్ళజోడు వంటింట్లో ఉండనీ. పప్పు ఏరడం అవగానే పోన్స్ నీకు పంపించేస్తాడు."

న్యాయమైన మాటే. కానీ మా ఆయన రొట్టెముక్క విసిరి లేచాడు.

"పొద్దున వెలుగులోనే కదా నేను రాసేది! పప్పు ఏరడానికా ఇది? ఇది నాది!"

అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి. నేను మాత్రం ఆయన ముక్కు మీద కొత్త పెళ్ళికూతురిలా మురిసిపోయాను. సిగ్గుండాలి నాకు. పాపం ఒక పెద్దమనిషి పరువు పోతుంటే, పండగ చేసుకున్నదాన్ని నేనొక్కదాన్నే.

"ఎవరిదీ?" అన్నాడు పెద్ద, మెల్లగా.

అర్నావ్ నన్ను తీసి, తన చేత్తోనే పోన్స్ ముక్కు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ముక్కు వంకర, పైగా ఉల్లిపాయ వాసన. పప్పులో కాలేయడం అంటారే, నేను ఏకంగా మునిగాను.

మధ్యాహ్నాలు నన్ను మళ్ళీ పెట్టుకునేవాడు గానీ రాయలేదు. చాకు తీసుకుని ఆ చివరి అధ్యాయాన్ని గీకడం మొదలుపెట్టాడు. తోలుకాగితం మీద సిరా అలాగే పోతుంది. పోన్స్ చూసి గుండెలు బాదుకున్నాడు.

"ఇదేం పనన్నా! ఇన్నాళ్ళ కష్టం!"

"రాసినవాడే ఆ మాటను చంపలేకపోయాడు పోన్స్. జనం దీన్ని నమ్మితే ఆ పాపం నాది."

"పాపాన్ని మాత్రం నాది అనొచ్చా?"

అర్నావ్ నవ్వలేక నవ్వాడు.

"మరి పుస్తకాన్ని తోక లేకుండా వదిలేస్తావా? ఎప్పుడు చదువుతావని బజారులో అడుగుతున్నారు."

వదల్లేదు. గీకిన చోట నాలుగు ముక్కలు రాశాడు. పుస్తకం ముగిస్తే బజారులో చదివి వినిపించడం ఆయన అలవాటు. ఆ రోజు పప్పు ఏరడం కాగానే పోన్స్ నన్నిచ్చి, తోడు వచ్చాడు. చేపల బుట్టల మధ్య నిలబడి మా ఆయన ఆ చివరి అధ్యాయం చదివాడు.

"నాది అనే మాటను చంపానని ఒక సన్యాసి గొప్పలు రాశాడు. కళ్ళజోడు అడిగితే కుక్కలా అరిచాడు. వాడు నేనే. అందుకే, పేదరికం బోధించడానికి వచ్చినవాణ్ణి ముందు ఏదో ఒకటి అడిగి చూడండి."

జనం గొల్లుమన్నారు. చేపలమ్మే సౌరీనా చేతులు తుడుచుకుని లేచింది.

"అయితే ఇటు తే సామీ, ఆ ముక్కుజోడు!"

"అన్నా, అది మఠానిది. పెద్దన్నకి ఇంకో పన్ను పోతుంది" అని గొణిగాడు పోన్స్.

అర్నావ్ నన్ను తీసి ఇచ్చేశాడు. ఆమె పెట్టుకుని మొదట చేపను చూసింది. తరువాత తన వేళ్ళు చూసుకుంది. కత్తి గాట్లు, పగుళ్ళు, గోళ్ళలో ఇరుక్కున్న పొలుసులు. చాలాసేపు చూసుకుంది. ఈమె తిరిగి ఇస్తుందా ఇవ్వదా? నాకే తెలియదు. అర్నావ్ చెయ్యి చాచలేదు. ఇమ్మనలేదు. చేతులు రెండూ వేలాడేసి, ఊరికే సంత చూడ్డానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

చివరికి సౌరీనాయే దగ్గరికొచ్చి నన్ను ఆయన ముక్కు మీద సర్దింది.

"పెట్టుకో నాయనా. మిగతాది చదువు."

చదవబోయాడు. కుదరలేదు. కళ్ళ నిండా నీళ్ళు. తడికళ్ళ ముందు నాలాంటివి పది జోళ్ళున్నా ఎందుకూ కొరగావు. పుస్తకం మూసేసి, మిగిలింది చూడకుండానే చెప్పాడు. నేను చేప వాసన కొడుతూ, ఆయన ముక్కు మీద ఊరికే కూర్చుని విన్నాను.