క్యోటోలో ఎర్ర జాకెట్ ముక్క

రవికాంత్‌కి ఉన్నట్టుండి నడక మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అమెరికాలో, ఆష్‌బర్న్‌లో, పాల డబ్బాకి కూడా కారు తీసే మనిషి, జపాన్ వచ్చి క్యోటోలో దిగాక టాక్సీ మాటెత్తితే ఒప్పుకోలేదు. ‘‘ఇలాంటి పాత సిటీ నడిచే చూడాలమ్మా, కార్‌లో తిరిగితే ఏం తెలుస్తుంది?’’ అంటూ తల్లినీ పెళ్ళాన్నీ పొద్దున్నే రోడ్డెక్కించాడు.

వాళ్ళమ్మ లీలావతి ఆరు నెలలు కొడుకు దగ్గరుండి హైదరాబాద్ తిరిగి వెళుతోంది. దింపడానికి వెళుతున్న కొడుకూ కోడలూ దారిలో రెండు రోజులు ఇక్కడ ఆగారు. లీలావతికి నేత చీర కింద స్పోర్ట్స్ షూ, భుజాన హ్యాండ్‌బ్యాగు. ఆవిడ నడక ముందు కొడుకే వెనకబడ్డాడు. కనబడ్డ ప్రతి గుడి దగ్గరా షూ విప్పింది, విప్పక్కర్లేదన్న చోటా విప్పింది. అన్ని చోట్లా అడిగింది ఒకటే. అదీ మనసులో కాదు, పక్కనున్న కోడలికి వినబడేలా. ‘‘స్వామీ, వచ్చే ఏడాదికి వీళ్ళింట్లో ఊయల వేయించు.’’

భానుశ్రీ వినీ విననట్టు నడిచింది. ఆరు నెలలుగా ఆమె చేస్తున్నది అదే.

అత్తగారికి తెలియనిది ఒకటుంది. పోయిన చలికాలం ఐదో నెలలో భానుశ్రీ కడుపు పోయింది. మూడో నెల నిండాక అమ్మకి చెబుదామనుకున్నారు. తర్వాత, పెద్ద స్కాన్ అయ్యాక చెబుదామనుకున్నారు. ఆ స్కాన్‌లోనే బిడ్డ గుండె ఆగిపోయిందని తెలిసింది. ‘‘అమ్మకి మొన్ననేగా స్టెంట్ వేశారు, తట్టుకోలేదు. మనం మూవ్ ఆన్ అవుదాం భానూ’’ అన్నాడు రవికాంత్. వారం తిరక్కుండా ఆఫీస్‌కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ బిడ్డ ఊసెత్తితే ఒట్టు. భానుశ్రీ ఎత్తబోతే లేచి గిన్నెలు కడిగేవాడు. బిడ్డ పోయిన బాధ ఎలాగూ ఉంది. అసలు ఆ బిడ్డే లేనట్టు బతకమనడం ఆమెకి అంతకన్నా ఎక్కువ బాధ. ఒక్కరైనా, ఒక్కసారైనా, నీకో బిడ్డ ఉండేదిగా అంటారేమోనని ఇన్నాళ్ళూ చూసింది. పాట్‌లక్ విందుల్లో ఆంటీలు మాత్రం ‘‘గుడ్ న్యూస్ ఎప్పుడమ్మా?’’ అని అడుగుతూనే ఉన్నారు.

మధ్యాహ్నానికి కొండ మీది పెద్ద గుడి చూసి, రాతి మెట్ల వీధిలో జనాన్ని తోసుకుంటూ దిగారు. లీలావతికి కాళ్ళు పట్టేశాయి. కాసేపు కూర్చుందామని పక్క సందులో ఒక చిన్న గుడిలోకి దూరింది. లోపల గోడ పొడుగునా వరసలు వరసలుగా రాతి బొమ్మలు. ఒక్కొక్కటీ మోకాలి ఎత్తు కూడా లేదు. గుండ్రటి గుండు, మూసిన కళ్ళు, మెడలో ఎర్ర గుడ్డ. మన పిల్లలకి అన్నం పెట్టేటప్పుడు కడతామే, అలాంటి గుడ్డే.

పక్కన ఇంగ్లీషులో బోర్డుంది. భానుశ్రీ చదివింది. పుట్టకముందే పోయిన పిల్లల్నీ, పుట్టీ దక్కని పిల్లల్నీ కాపాడే దేవుడట. ఆ తల్లిదండ్రులే వచ్చి ఈ గుడ్డలు కడతారట. బోర్డు మళ్ళీ మొదట్నించి చదివింది. వెనకే వచ్చిన రవికాంత్ కూడా చదివాడు. చదివి, ఫోన్ తీసి మ్యాప్ చూడ్డం మొదలెట్టాడు.

లీలావతికి బోర్డులు చదివే అలవాటు లేదు. ఆవిడకి తన కళ్ళే చాలు. ‘‘అయ్యో నా తండ్రీ, ఎంత ముద్దుగా ఉన్నారో! సంతానం ఇచ్చే దేవుళ్ళే వీళ్ళు. మన దగ్గర గుళ్ళో ఊయల కట్టరూ, వీళ్ళు గుడ్డ కడతారన్నమాట’’ అంది. అనేసి బ్యాగులోంచి, ఆష్‌బర్న్‌లో ఎవరో పేరంటంలో పెట్టిన ఎర్ర జాకెట్ ముక్క తీసింది. ‘‘ఇదిగో అమ్మాయ్, నీ చేత్తో కట్టు. మెడలో గుడ్డ లేని బుజ్జాయికి కట్టు.’’

‘‘వద్దులేమ్మా, లేటవుతోంది’’ అన్నాడు రవికాంత్.

‘‘నువ్వూరుకో. కట్టు భానూ.’’

భానుశ్రీ జాకెట్ ముక్క అందుకుంది. చివరి వరసలో ఒక బొమ్మ మెడ బోసిగా ఉంది. దాని ముందు కూర్చుని కట్టింది. ముడి పడలేదు. మళ్ళీ కట్టింది.

‘‘అలా కాదు, గట్టిగా. అడుగు, నాకు బిడ్డనివ్వమని అడుగు.’’

‘‘ఇచ్చాడు అత్తయ్యా’’ అంది భానుశ్రీ, తల తిప్పకుండా. ‘‘పోయింది. పోయిన జనవరిలో, ఐదో నెలలో. ఈయన అలా పోయిన పిల్లల దేవుడు. బోర్డు మీద రాశారు.’’

లీలావతి పక్కనున్న అరుగు మీద కూలబడింది. రవికాంత్ కంగారుగా దగ్గరికొస్తే చెయ్యి అడ్డంపెట్టింది.

‘‘ఆరు నెలలు నీ ఇంట్లో కూర్చుని, ఊయల ఊయల అంటూ ఆ పిల్లని చంపుకు తిన్నాన్రా. నువ్వు వింటూ ఊరుకున్నావా?’’

‘‘నీ హార్ట్‌కి ఏమన్నా...’’

‘‘నా గుండె సంగతి నేను చూసుకుంటాను. దాని గుండె సంగతి ఎవరు చూశారు?’’

లీలావతి లేచొచ్చి, కోడలి పక్కన రాళ్ళ మీదే చతికిలబడింది. చాలాసేపు ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

‘‘ఆడపిల్లా, మగపిల్లాడా?’’

‘‘ఆడపిల్ల.’’

‘‘చూశావా?’’

‘‘చూశాను. ఇంతే ఉంది.’’ భానుశ్రీ రెండు అరచేతులూ కలిపి చూపించింది. ‘‘గుప్పిళ్ళు మూసుకునుంది.’’ అప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. అత్తగారూ ఏడ్చింది.

కాసేపటికి లీలావతి కొంగుతో మొహం తుడుచుకుంది. ‘‘పురుడు లేదు, బారసాల లేదు. కనీసం పేరైనా ఉండాలిగా ఆ తల్లికి. ఒరేయ్, ఇటురా. తండ్రివి నువ్వు. ఈ బుజ్జాయి చెవిలో పేరు చెప్పు.’’

‘‘పేరు... మేం ఏం అనుకోలేదమ్మా’’ అన్నాడు రవికాంత్.

‘‘నువ్వు అనుకోలేదు’’ అంది భానుశ్రీ. ‘‘అవని.’’

రవికాంత్ ఆమె వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ పేరు ఇన్ని నెలలుగా తన ఇంట్లోనే, తన పక్కనే ఉంది. అతను ఫోన్ జేబులో పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, రాతి చెవి దగ్గరకి వంగాడు.

‘‘అవనీ, నేను మీ నాన్నని తల్లీ’’ అన్నాడు. అతన్ని అక్కణ్ణుంచి లేపడానికి అత్తాకోడళ్ళిద్దరూ చెరోవైపు పట్టుకోవాల్సి వచ్చింది.