పసుపు ట్రే, తెలుపు ట్రే

అరబ్బు దేశంలోని సమాయిల్ అనే ఊరి బజారులో టార్చిలైట్లు మూడు నాలుగు దుకాణాల్లో దొరికేవి. కొండల్లోకి వెళ్ళేవాళ్ళు మాత్రం హిలాల్ దుకాణానికే వచ్చేవాళ్ళు. అక్కడ కౌంటర్‌లో ఖమరుద్దీన్ ఉండేవాడు. కడప మనిషి, వయసు యాభై దాటింది. టెంట్లు, తాళ్ళు, నీళ్ళ డబ్బాలు, గ్యాస్ పొయ్యిలు కూడా అమ్మేవాడు. జనం అతన్ని అడిగేది లైట్ల గురించి.

అడిగినవాళ్ళను ముందు అతనే అడిగేవాడు, నడవడానికా, వెతకడానికా అని. తప్పిపోయిన ఒంటె కోసం వెళ్ళేవాడికి దూరం కొట్టే చేతి టార్చి ఇచ్చేవాడు. గుంపుగా నడిచేవాళ్ళకు తలకు కట్టుకునే లైటు ఇచ్చేవాడు. దాని వెలుగు కాళ్ళ ముందు పరుచుకుంటుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. టెంట్ దగ్గర కూర్చునేవాళ్ళకు ఎరుపు లైటు కూడా ఉన్నది చూపించేవాడు. ఎదుటివాడి కళ్ళలో కొట్టదు. ఛార్జింగ్ లైటే కావాలని పట్టుబట్టేవాళ్ళను, కొండ మీద ప్లగ్గు ఎక్కడుందో చెప్పమనేవాడు. వేటకని వచ్చేవాళ్ళకు వేట నిషేధమని గుర్తు చేసేవాడు. "జింకను చూసి రా. చూడడానికి పర్మిట్ అక్కరలేదు" అని తనకు వచ్చిన అరబ్బీలో చెప్పేవాడు.

2015 శీతాకాలానికి తలలైట్లు అట్టపెట్టెల్లో విడిగా వచ్చాయి. కొన్ని తెల్ల వెలుగు ఇచ్చేవి, కొన్ని పసుపు వెలుగు ఇచ్చేవి. బయటికి రెండూ ఒకటే, వాటి మీద గుర్తేమీ లేదు. ఒక్కొక్కటే వెలిగించి చూసి ఖమరుద్దీన్ రెండు ట్రేల్లో వేశాడు. ఆ కొండల్లో నేలా రాళ్ళూ మట్టి రంగే. తెల్ల వెలుగులో అన్నీ ఒకే చదునుగా కనిపిస్తాయి. పసుపు వెలుగులో రాయెక్కడో గుంటెక్కడో తెలుస్తుంది. అందుకని పసుపు ట్రేకి గిరాకీ.

నవంబరులో హమద్ అనే ఒంటెల కాపరి తను కొన్న లైటు తిరిగి తెచ్చాడు. పసుపు అడిగితే తెలుపు ఇచ్చావన్నాడు. ఖమరుద్దీన్ వెలిగించి చూశాడు. అతనికి అది పసుపుగానే ఉంది. బేరం కోసం అంటున్నాడనుకుని అదే ట్రేలోంచి ఇంకొకటి ఇచ్చి పంపాడు.

తర్వాతి గురువారం మధ్యాహ్నం డయానా వచ్చింది. ఊరి ఆసుపత్రిలో నర్సు, సొంత ఊరు నరసాపురం. అంతకు ముందు శుక్రవారం తోటి నర్సులతో కలిసి కొండెక్కింది. వాళ్ళ లైట్లన్నీ ఇక్కడ కొన్నవే.

"ఏం సిస్టరమ్మా, కొండ ఎట్లా ఉండాది?" అన్నాడు ఖమరుద్దీన్.

"కొండకేం బాబాయ్ గారూ, అక్కడే ఉంది. మా సెలిన్ కాలే బెణికింది. దిగేటప్పుడు గుంట కనబడలేదంట. మంచం మీద కూర్చుని మీకు దీవెనలు పెడతా ఉంది."

"నాకా? నేనేం జేస్తిని?"

"పసుపు లైటని తెల్లది అంటగట్టారు. నాది పసుపే. దానిది తెల్లది. రెండూ ఒకేరోజు, ఒకే ట్రేలోంచి తీశారు."

"నరసాపురమోళ్ళు చేపను కూడా తిరిగిస్తారంట, ముల్లు ఉండాదని."

"కడపోళ్ళు ఆ ముల్లే అమ్ముతారంట. వేళాకోళం కాదండీ, చూడండి."

డయానా సంచిలోంచి రెండు లైట్లు తీసింది. కౌంటర్ పక్కన తెల్ల థర్మోకోల్ ఐసుపెట్టె ఉంది. దాని మూత తీసి, లోపల గోడ మీద రెండు వెలుగులూ పక్కపక్కన పడేట్టు పట్టుకుంది. ఖమరుద్దీన్ వంగి చూశాడు.

"రెండూ పసుపే కదమ్మా."

"ఇది కొవ్వొత్తిలా ఉంది. ఇది మా ఆపరేషన్ థియేటర్ లైటులా ఉంది. నీలం కూడా కొడుతోంది."

"నీలమా? ఏడ నీలం? ఎగతాళి చేస్తాండావా?"

డయానా లైట్లు ఆర్పింది. పసుపు ట్రే దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటే వెలిగించి ఐసుపెట్టెలో చూసింది. పసుపువి కుడిపక్క పెట్టింది, తెల్లవి ఎడమపక్క. రెండు కుప్పలూ ఇంచుమించు సమానంగా వచ్చాయి. ఖమరుద్దీన్ ఎడమ కుప్పలోంచి ఒకటి తీసి, కంటికి దగ్గరగా పెట్టుకుని వెలిగించి, ఆర్పి, పెట్టేశాడు. డయానా అతని కళ్ళ వైపు చూసింది.

"మా నాన్న పంచె ఎంత ఉతికినా పసుపు పోలేదని అమ్మని సాధించేవారు. అమ్మ సబ్బు మార్చింది, చాకలిని మార్చింది. చివరికి చూస్తే ఆయన కళ్ళలో శుక్లాలు. బాబాయ్ గారూ, సాయంత్రం బండి నడిపేటప్పుడు ఎదురు లైట్లు ఎలా ఉంటాయి?"

ఖమరుద్దీన్‌కు కిందటి శీతాకాలం నుంచి ఎదురుగా వచ్చే లైట్లు పగిలి చిమ్మినట్టు కనిపిస్తున్నాయి. అద్దం మురికనుకుని తుడిచాడు. కళ్ళజోడు మార్చాడు. ఎవరికీ చెప్పలేదు. అతని రూమ్‌లో వహీద్ అని క్రేన్ డ్రైవర్ ఉండేవాడు. చూపు తగ్గిందని కంపెనీకి తెలిసిన నెలలోనే అతని చేతిలో ఇంటికి వెళ్ళే టికెట్ పెట్టారు.

"అర్బాబ్‌కు, అదే మా ఓనరు హిలాల్‌కు, చెప్పొద్దు తల్లీ. రంగులు తెలియని మనిషిని లైట్ల కౌంటర్‌లో ఎవరు పెట్టుకుంటారు?"

"నేనెందుకు చెప్తాను? శుక్లానికి ఆపరేషన్ ఉంది, చూపు వస్తుంది. ఆ విషయం మాత్రం మీకు చెప్తాను." డయానా కౌంటర్ కింద కట్టి ఉన్న పెట్టె వైపు చూసింది. "ఇదెక్కడికి?"

"వాడి కబీర్‌కు. ఆడ ఇండియన్ స్కూల్ టీచర్లు పిల్లోళ్ళను రేపు కొండకు తీస్కపోతారు. సాయంత్రం నేనే ఇచ్చి రావల్ల."

"పసుపు ట్రేలోంచే కట్టారా?"

కట్టాడు. డయానా డ్యూటీ టైమవుతోందని సంచి సర్దుకుంది. సెలిన్‌కు పసుపు లైటు ఒకటి తనే ఏరి తీసుకుని వెళ్ళిపోయింది.

ఖమరుద్దీన్ పెట్టె కట్లు విప్పాడు. ఒక లైటు వెలిగించాడు. ఇంకొకటి వెలిగించాడు. పిల్లలు దిగే దారిలో ఏది ఎవరి తలకు ఉంటుందో అతనికి తెలియదు. ఐసుపెట్టె మూత వేసి, లోపలి గదిలోకి వెళ్ళాడు. హిలాల్ టీ తాగుతున్నాడు. వాళ్ళిద్దరూ సగం హిందీ, సగం అరబ్బీ మాట్లాడుకునేవాళ్ళు.

"అర్బాబ్, స్కూలు సరుకు తప్పు కట్టాను."

"మళ్ళీ కట్టు."

"నేను కట్టలేను. నాకు పసుపూ తెలుపూ ఒకటిగా కనిపిస్తున్నాయి."

హిలాల్ కప్పు కింద పెట్టాడు. "ఎప్పటి నుంచి?"

"కిందటి చలి నుంచి అనుకుంటా."

"అప్పటి నుంచి నా బండి కూడా నడుపుతున్నావు."

ఖమరుద్దీన్ జేబులోంచి పికప్ తాళం తీసి బల్ల మీద పెట్టాడు. హిలాల్ దాన్ని తన జేబులో వేసుకున్నాడు. వహీద్ చేతిలో టికెట్ పెట్టింది ఖమరుద్దీన్‌కు గుర్తొచ్చింది.

హిలాల్ లేచి కౌంటర్ దగ్గరికి వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చుని పెట్టెలోని మొదటి లైటు వెలిగించాడు.

"పసుపు" అన్నాడు. ఇంకొకటి. "తెలుపు. ఇది కూడా తెలుపు. హమద్ బేరం కోసం అలా చెప్పాడని నాతో అన్నావు కదా?"

"అన్నాను."

"ఈసారి వస్తే కాఫీ నువ్వే పోయాలి."

హిలాల్ చెప్పిన ప్రకారం ఖమరుద్దీన్ ట్రేల్లో వేస్తూ పోయాడు. పని సగంలో ఉండగా స్కూలు నుంచి టీచర్ ఫోన్ చేశాడు. చిన్నపిల్లలు కూడా వస్తున్నారు, వాళ్ళకూ ఇవే ఇవ్వచ్చా అని అడిగాడు. హిలాల్ ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని ఖమరుద్దీన్‌ను చూశాడు.

"ఏం చెప్పను?"

"పట్టీ బిగించినా చిన్నవాళ్ళ తల మీద జారుతుంది అర్బాబ్. వాళ్ళకు చిన్న చేతి టార్చీలు ఇద్దాం, మణికట్టుకు తాడు వేసి. నడుము దగ్గర పట్టుకుంటే రాయి నీడ ముందుకు పడుతుంది, అడుగు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. వరసలో ముందు నడిచే టీచరుకూ చివర నడిచే టీచరుకూ తలలైట్లు."

హిలాల్ ఫోన్ అతని చేతికే ఇచ్చాడు. "నువ్వే చెప్పు. రంగు చెప్పమంటే చెప్తాను. ఇదంతా నాకేం తెలుసు?"

సాయంత్రం పికప్‌ను హిలాల్ నడిపాడు. ఖమరుద్దీన్ పక్క సీట్లో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురొచ్చే ప్రతి లారీకీ అతను కళ్ళు చిట్లించడం హిలాల్ చూశాడు.

"ఆదివారం పొద్దున ఆసుపత్రికి వెళ్దాం. కళ్ళ డాక్టర్ వస్తాడు" అన్నాడు.

"సరే."

"ఆపరేషన్ అంటే ఇక్కడ చేయించుకుంటావా, కడప వెళ్తావా?"

ఖమరుద్దీన్ మధ్యాహ్నం నుంచి భయపడుతున్నది కడప అన్న ఈ మాటకే. కడప వెళ్తే తిరిగి పిలుస్తారో లేదో తెలియదు.

"ఇక్కడే" అన్నాడు.

"డాక్టర్ ఒప్పుకునేదాకా బండి ముట్టవద్దు."

"ముట్టను."

"వచ్చే నెల దుబాయ్ నుంచి లైట్లు వస్తున్నాయి, ఇంకో కంపెనీవి. బాగున్నాయో లేదో నాకు తెలియదు." హిలాల్ లారీని దాటనిచ్చి మళ్ళీ అన్నాడు. "నీ కంటి కట్టు విప్పాక ఆ పెట్టెలు తెరుద్దాం. అంతవరకూ గోడౌన్‌లోనే ఉంటాయి."

ఖమరుద్దీన్ తల ఊపాడు. కాసేపటికి, ఆ కొత్త లైట్లు సెల్లులు వేసేవా, ఛార్జింగ్‌వా అని అడిగాడు.