మోసే కాలు

కుడి అని ఎందుకన్నాడు, ఎడమ అనైనా అనొచ్చు, గుర్తు లేదమ్మా అనొచ్చు, తెలియనప్పుడు తెలియదని చెప్పడం తప్పు కాదని ఇరవై ఎనిమిదేళ్లుగా తరగతిలో చెబుతున్న నోరే కదా ఇది, ఆ ఫిజియో అమ్మాయి అడగడమే ఆలస్యం, హాజరు పిలిస్తే పలికినట్టు కుడి కాలమ్మా అనేసింది, అడిగినదైనా పెద్ద ప్రశ్నా, ఈ రోలర్ ఎవరిది మాస్టారూ, బాగా వాడారే, చూడండి, బుడిపెలు ఒక్కచోటే అరిగిపోయాయి, ఒంటి కాలికే వాడి ఉంటారు, ఏ కాలు నొప్పి వాళ్లకి, అంతే అడిగింది, మా ఆవిడదమ్మా అని అక్కడితో ఆగినా సరిపోయేది, ఆవిడ పోయి పది నెలలైందని ఈ హాల్లో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు, చెప్పుల దుకాణం మీద మొదటి అంతస్తు, పొద్దున్న ఆరున్నర, ఎనిమిది చాపలు, ఎనిమిది మంది నొప్పులవాళ్లు, ఎవరి నొప్పి వాళ్లది, ఆ అమ్మాయి అలాగా అని తలూపి పక్క చాప దగ్గరికి వెళ్లిపోయింది కూడా, అక్కడ బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన నడుము కింద రోలర్ పెట్టుకుని మూలుగుతున్నాడు, ముప్పయ్యేళ్లు బస్సు నడిపానమ్మా, ఇప్పుడు ఆ బస్సు నా మీదుగా పోతున్నట్టుంది అంటున్నాడు, అందరూ నవ్వారు, మాస్టారూ నవ్వాడు, నవ్వుతూనే చేతులు వెనక్కి ఆనించి, నడుము లేపి, పిక్క కింద ఉన్న మూరెడు గుండ్రటి నీలం రోలర్ మీద మెల్లగా ముందుకి జరిగాడు, అరిగిన చోట మెత్తగా ఉంది, దాని పక్కన బుడిపెలు ఇంకా గుచ్చుకుంటున్నాయి.

నొప్పి తగిలినచోట ఆగండి, ముప్పై లెక్కపెట్టండి, ఊపిరి బిగబట్టకండి, ఒకటి, రెండు, కుడి కాలే అయ్యుంటుంది, ఎందుకు కాకూడదు, ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ యంత్రం దగ్గర కదా పనిచేసింది, దుప్పట్లు, తలగడ గలీబులు, డాక్టర్ల తెల్లకోట్లు, యంత్రానికి కింద పెడలు, కాలితో తొక్కితే పై పలక దిగి బుస్సుమని ఆవిరి వదిలేది, వదిలితే లేచేది, రోజుకి ఎన్ని వందల సార్లు తొక్కేదో, తొక్కింది కుడి కాలితోనే, ఒకసారి మధ్యాహ్నం తాళంచెవి తీసుకోవడానికి వెళ్లినప్పుడు కళ్లారా చూశాడు, అంత తొక్కితే ఆ కాలు నొప్పి పెట్టదూ, లెక్క సరిగ్గానే ఉంది, ఏడు, ఎనిమిది, లెక్క వేసి చెబుతున్నాడు, తెలిసి కాదు, అదే అసలు సంగతి, ఇరవై ఆరేళ్లు ఒకే గదిలో పడుకున్న మనిషికి ఏ కాలు నొప్పో లెక్క వేసుకుని చెబుతున్నాడు, ఎవరి పిల్లాడు ఏ బెంచీలో కూర్చుంటాడో, ఏ పిల్ల ఎడమచేత్తో రాస్తుందో, పదేళ్ల కిందటి తరగతులతో సహా చెప్పగలడు, ఆవిడ సాయంత్రం వచ్చి గడపలో చెప్పులు విడిచి ఏ కాలు ముందు లోపల పెట్టేదో చెప్పలేడు.

పద్దెనిమిది, పంతొమ్మిది, ఈ రోలర్ కొన్నది కూడా తనే, ఆటసామాన్ల దుకాణంలో, పదకొండేళ్ల కిందట, కొట్టువాడు దాన్ని కౌంటరు మీద దొర్లించి చూపించాడు, మామూలుది కాదు సార్, బుడిపెలున్నది, వేళ్లతో పిసికినట్టే ఉంటుంది, పైగా ఇంకొకళ్ల సాయం అక్కర్లేదు, ఎవరికి వారే చేసుకోవచ్చు, ఆ చివరి మాట విన్నాక మాస్టారు ఇంకేమీ అడగలేదు, చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చి ఆ మాటే మళ్లీ ఆవిడకి అప్పజెప్పాడు, ఇంకొకళ్ల సాయం అక్కర్లేదట, ఎవరికి వారే చేసుకోవచ్చట, ఆవిడ దాన్ని చేతుల్లోకి తీసుకుని బుడిపెల మీద బొటనవేలు ఆడించింది, బాగుందండీ అంది, తన మొహంలోకి చూడలేదు, లేక తనే ఆవిడ మొహంలోకి చూడలేదా, ఆ తర్వాత రోజూ సాయంత్రం పడకగది తలుపు దగ్గరగా వేసుకుని నేల మీద దొర్లించుకునేది, ముందుగదిలో పేపర్లు దిద్దుకుంటున్న తనకి బరబరమని చప్పుడు వినిపించేది, ఆ చప్పుడు వింటే ఎంత హాయిగా ఉండేది, భార్యకి ఏదో ఒకటి అమర్చిపెట్టిన మొగుడి హాయి, ఒకసారి లోపల్నుంచి అబ్బా అని చిన్నగా వినిపిస్తే, మెల్లగా చెయ్యవే, అంత బరువు వెయ్యకు అని కుర్చీలోంచే కేకేశాడు, అలాగేలెండి అంది, తను లేచి వెళ్లలేదు, తలుపు వేసింది కదా అనుకున్నాడు, గొళ్లెం పెట్టలేదని తెలుసు.

ముప్పై, వదలండి, ఇప్పుడు రెండో కాలు, ఫిజియో అమ్మాయి చప్పట్లు కొట్టింది, మాస్టారు కాలు మార్చాడు, మారుస్తూ ఆ సాయంత్రం జోలికి పోకూడదనుకున్నాడు, దానికంటూ మనసులో ఒక తలుపుంది, పదకొండేళ్లుగా వేసే ఉంది, అటుగా పోవాల్సి వచ్చినప్పుడు పక్క నుంచి తప్పుకుంటాడు, కానీ రోలర్ ఎందుకు కొన్నాడన్నది ఆ తలుపు వెనకే ఉంది, ఒకటి, రెండు, పరీక్షల రోజులు, ఆవిడ పనినుంచి వచ్చి మంచం మీద వాలిపోయింది, కాస్త కాళ్లు పట్టమని అడగలేదు, అడిగే మనిషి కాదు, తనకే ఏం తోచిందో వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుని ఒక కాలు ఒళ్లోకి తీసుకుని పిక్క పట్టాడు, పెళ్లయిన పదిహేనేళ్లకి అదే మొదటిసారి, ఆవిడ ముందు సిగ్గుపడింది, తర్వాత కళ్లు మూసుకుంది, పావుగంట, పోనీ ఇరవై నిమిషాలు, వాకిలి తలుపు తీసే ఉంది, జవాబు పత్రాల కట్ట కోసం డ్రాయింగు మాస్టారు లోపలికి వచ్చేశాడు, చెప్పుల చప్పుడైనా లేదు, పడకగది గుమ్మంలో నిలబడి ఏం మాస్టారూ అన్నాడు, తన చేతులు నిప్పు అంటుకున్నట్టు వెనక్కి వచ్చేశాయి, అప్పుడు ఆవిడే దుప్పటి కాళ్ల మీదకి లాక్కుని, దొరికిందాండీ పెన్ను, మంచం కింద పడిందేమో సరిగ్గా చూడండి అంది, తను నిజంగానే వంగి మంచం కిందకి చూశాడు, లేని పెన్ను కోసం నేల తడిమాడు, ఎర్ర పెన్ను చొక్కా జేబులోనే ఉంది, లేచేసరికి డ్రాయింగు మాస్టారి చూపు ఆ జేబు మీదే ఉంది.

మర్నాడు స్టాఫ్‌రూములో ఆయన ఊరుకుంటాడా, మన లెక్కల మాస్టారు ఇంటిదగ్గర ఓవర్‌టైం చేస్తున్నారండోయ్, జీతం మాత్రం అడక్కండి అన్నాడు, సైన్సు టీచరమ్మతో సహా అందరూ నవ్వారు, నిజమేనండీ, ఆవిడ రోజంతా నిలబడుతుంది అంటే సరిపోయేది, ఆ నాలుగు ముక్కలు కూడా అవసరం లేదు, అవును అంటే చాలు, పోయేదేముంది, ఇంకో రెండు రోజులు నవ్వేవాళ్లు, తనేమన్నాడు, మా ఇంట్లో ఇంకా అంత గతి పట్టలేదులెండి అన్నాడు, అని అందరికంటే గట్టిగా నవ్వాడు, ఆ ఆదివారమే ఆటసామాన్ల దుకాణానికి వెళ్లాడు, పదకొండు, పన్నెండు, గతి అన్నాడు, ఆవిడ కాళ్లు పట్టడాన్ని గతి అన్నాడు, ఆ మాట ఆవిడ చెవిన పడలేదు, పడకపోయినా ఆవిడకి తెలుసు, రోలర్ చేతిలో పెట్టగానే తెలిసిపోయి ఉంటుంది, బొటనవేలు అలా ఆడిస్తున్నప్పుడే తెలిసిపోయి ఉంటుంది, ఆ తర్వాత పదేళ్లలో ఒక్కసారి కూడా తన దగ్గర కాలు నొప్పి అనలేదు.

మాస్టారూ, మీరు దొర్లించడం ఆపేశారు అంటోంది ఫిజియో అమ్మాయి, ఆపేశాడు, నిజమే, మళ్లీ మొదలుపెట్టాడు, అబద్ధం చెప్పింది కుడి కాలని, ఇప్పుడు రోలర్ మీద ఉన్నదీ తన కుడి పిక్కే, ఆ అమ్మాయికి ఏ కాలైతే ఏం, ఇప్పటికే మరిచిపోయి ఉంటుంది, తనకే, ఏ కాలు, ఏ కాలు, అది తెలిసిన మనిషి లేదు, ఇంకెవర్నీ అడగడానికి లేదు, ఉన్న సాక్ష్యమంతా ఆ ఇరవై నిమిషాలే, ఆ తలుపు తీసి లోపలికి వెళ్లి చూడాలి, డ్రాయింగు మాస్టారు రాకముందు, పెన్నుకి ముందు, వెళ్లు, మంచం అదే మంచం, ఇప్పటికీ తను పడుకునేది దాని మీదే, తల కిటికీ వైపు, వెల్లకిలా పడుకుంటే గోడ కుడిచేతికి తగులుతుంది, ఆవిడకీ అలాగే తగిలేది, ఆవిడ మోకాలు ఒకటి మడిచి గోడకి ఆనించింది, గోడకి క్యాలెండరు ఉండేది, ఊపిరి తీసినప్పుడల్లా మోకాలు తగిలి కాగితాలు కదిలేవి, అది కుడి మోకాలు, మరి తన ఒళ్లో ఉన్నది, ఆగు, ఇంకా ముందుకి వెళ్లు, మొదట పట్టింది ఇది కాదు, మొదట తను కుడి కాలే తీసుకున్నాడు, ఇప్పుడు చెప్పినట్టే అప్పుడూ తప్పే చేశాడు, పెడలు తొక్కే కాలు కదా అని లెక్క వేసుకుని దాన్నే తీసుకున్నాడు, ఆవిడ నవ్వి ఆ కాలు వెనక్కి లాక్కుని, గోడకి ఆనించి, రెండోది ఆవిడే తెచ్చి తన ఒళ్లో పెట్టింది, ఆ గొంతు, ఇన్నాళ్లూ ఆ తలుపు వెనక ఆ గొంతు కూడా ఉందని ఎలా మరిచిపోయాడు, అది తొక్కే కాలండీ, దానికేం నొప్పి, అది లేచినప్పుడల్లా నన్ను మోసేది ఇది.

ఎడమ, ఇరవై తొమ్మిది, ముప్పై, వదలండి, అందరూ లేస్తున్నారు, చాపలు చుడుతున్నారు, డ్రైవరు గోడ పట్టుకుని లేచి, రేపు బతికుంటే వస్తానమ్మా అంటున్నాడు, మాస్టారు మాత్రం రోలర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, ఆ అరిగిన చోట అరచెయ్యి పెడితే సరిగ్గా పట్టింది, అమ్మా, ఇందాక నేను తప్పు చెప్పాను అన్నాడు, దేని గురించి మాస్టారూ అంది ఆ అమ్మాయి చాప చుడుతూ, మా ఆవిడకి, నొప్పి కుడి కాలికి కాదు, ఎడమ కాలికి అన్నాడు, ఓ అదా, పర్లేదండీ అంది, అక్కడితో ఆగొచ్చు, డ్రైవరు వింటున్నాడు, మిగతావాళ్లు చెప్పులేసుకుంటూ వింటున్నారు, ఆగలేదు, ఎలా తెలుసంటే, ఒకసారి నేనే పట్టాను అన్నాడు, ఎవరూ నవ్వలేదు, డ్రైవరు ఒక్క క్షణం చూసి తన చేతికర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, లేవండి మాస్టారూ అని ఖాళీ చెయ్యి అందించాడు, ఆ చెయ్యి పట్టుకుని లేస్తుంటే బరువంతా ఒక కాలి మీదకే వచ్చింది, ఇరవై ఆరేళ్లలో ఆవిడ ఒంటి గురించి తనకి కచ్చితంగా తెలిసిన సంగతి ఆ ఎడమ కాలి నొప్పి ఒక్కటే, అదీ తను సిగ్గుపడి చేతులు తీసేసుకున్న ఆ ఇరవై నిమిషాల్లోదే.